వంపు, వంకర

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అను సామెతను పదునైదేండ్లపాటు తరగతిలో విద్యార్థులకు వ్యాఖ్యానించితిని. వ్యాఖ్యానించుట వేరు, కట్టుట వేరు. 2012వ సంవత్సరమున నల్లగొండ పట్టణపు శివారున ఒక చిన్న యిల్లు తలపెట్టిన పిమ్మటగాని ఆ సామెతలోని నిట్టూర్పు నాకు వినబడలేదు. గోడలు లేచినవి, కప్పు పడినది, గిలాబు ముగిసినది. ఇక విద్యుత్తీగలు లాగి దీపము వెలిగించుటయే తరువాయి. అప్పుడు తెలిసినది, తీగ పోవుట లేదని.

పూర్వము గోడపై కొయ్యపట్టీలు కొట్టి, వానిపై రేకు క్లిప్పులతో తీగలను బిగించుచుండిరి. నేను చదివిన బడిలో అట్టివే యుండెడివి. ఇప్పుడు గోడలో గాడి తొలిచి పైపులు పూడ్చుదురు. కప్పులోనైతే కాంక్రీటు పోయుటకు ముందే ఇనుప చువ్వల నడుమ పైపులు పరచుదురు. తీగలు తరువాత వాని గుండా ప్రయాణము చేయవలెను. పైపు తిన్నగా నున్నంతవరకు చిక్కు లేదు. కాని ఇల్లు తిన్నగా నుండదు గదా! గోడ కప్పును కలియుచోట ఒక మలుపు, దూలము అడ్డము వచ్చినచోట ఒక మలుపు, స్విచ్చుల పెట్టెకు దిగుచోట ఒక మలుపు. ఆ మలుపులు సరిగా కుదిరిననే ఇంట దీపము వెలుగును.

మా యింట పైపులు వేసిన గుత్తేదారు పనివారు మలుపు వచ్చినచోటనెల్ల అంగడిలో దొరకు ఎల్బో ముక్కను అతికించి పోయిరి. ఒకచోట ఆ ముక్కయు చాలక, కాగితములు మండించి పైపును కాచి మోకాలిపై మడిచిరట. కాలిన పైపు చదునై మడతపడినది. దానిపై కాంక్రీటు పడినది. ఇక ఆ మడతను చూచు కన్ను లేదు, దిద్దు చేయి లేదు. గుత్తేదారు అప్పటికే లెక్క తీర్చుకొని వెడలిపోయెను.

మిత్రుడొకడు నా అవస్థ చూచి ఒక పనివానిని పంపెను. ఆయన మక్తల్ ప్రాంతపువాడు. అరువదికి చేరువైన వయస్సు. అందరును ఉస్తాదు అని పిలుతురు. వెంట పదునెనిమిదేండ్ల మేనల్లుడు. ఉస్తాదు ఉక్కుపట్టీని పెట్టెలోనుండి పైపులోనికి త్రోసి, అది ఆగినచోట బొటనవ్రేలితో గుర్తుపట్టి, బయటికి లాగి గోడ పొడవునా కొలిచి చూచెను.

“ఈడ ఐదు మూలలున్నయి సారూ. ఐదోది మూల గాదు, వంకర.”

నేను తెలుగు పంతులను. ఎవరైన మాటను పట్టి పలికినచో వదలలేను. “మూలకు, వంకరకు భేదమేమి? వంపు అనరాదా?” అని అడిగితిని.

“పైపు తనంతట తాను తిరిగినట్టు కనవడితే వంపు సారూ. మనం ఇరగ్గొట్టి తిప్పితే వంకర.”

వంగు, వంచు, వంపు, వంక, వంకర - ఇవన్నియు చెవికి ఒక్క గూటి పక్షులవలె వినబడును. ఏటిలో కలియు చిన్న ప్రవాహమును వంక అందుము. తప్పు పట్టుటను వంకపెట్టుట యందుము. ఇన్ని యేండ్లు నిఘంటువులు తిరుగవేసియు వంపునకు వంకరకు నడుమ ఇంత తెగువగా గీత గీసినవారిని నేను చూచి యుండలేదు. ఆ దినము మొదలు కళాశాలనుండి రాగానే కుర్చీ వేసికొని వారి పని చూచుట నాకు వ్యసనమైనది.

మొదట నాకు తెలియగోరినది, అయిదు మలుపులకే తీగ యేల నిలిచెనని. దీనికి సమాధానము పశువుల కొట్టములోనే కలదు. కోడెదూడ పలుపును గుంజకు అరచుట్టు మాత్రము త్రిప్పి పట్టుకొనినచో దూడ మనలను ఈడ్చుకొనిపోవును. మూడు చుట్లు చుట్టినచో చిన్న పిల్లవాడైనను పట్టి నిలుపగలడు. త్రాడు కొయ్యను ఒరసికొనుచు తిరిగిన కొలది పట్టు పెరుగును. ఆ పెరుగుట కూడికగా కాదు, గుణకారముగా. పైపులో మలుపు తిరుగు తీగకును ఇదే ధర్మము. ఒరపిడి గుణకము 0.3 అనుకొనినచో ఒక సమకోణపు మలుపు లాగుటకు వలయు బలమును ఇంచుమించు 1.6 రెట్లు చేయును. రెండు మలుపులు 2.6 రెట్లు, నాలుగు 6.6 రెట్లు, ఆరు దాదాపు 17 రెట్లు. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశములు ఒక పెట్టెకు మరియొక పెట్టెకు నడుమ నాలుగు సమకోణపు మలుపులకు మించరాదనియు, మలుపు వ్యాసార్ధము 7.5 సెంటీమీటర్లకు తగ్గరాదనియు చెప్పుట ఊరక కాదు. ఎల్బోతో వేరొక బాధయు కలదు. తీగకు తన బిరుసు తనకున్నది. కొసకంటగా తిరిగిన మూలను అది తల ఎత్తి పొడుచునుగాని ఒరసికొని తిరుగదు. ఇక బలముతో లాగినచో రాగి సాగును, పై తొడుగు గీరుకొనిపోవును. అట్లు గీరిన తీగ ఇనుప పైపులో నున్నచో పైపంతయు విద్యుత్తు పట్టును. భూమికి కలుపు తీగ సరిగా లేని యింట అది ప్రాణము మీదికి వచ్చును.

ఉస్తాదు నేర్చినది ఈ ప్లాస్టిక్కు పైపులపై కాదు. ఆయన తండ్రి నాగార్జునసాగరమున రాళ్ళు మోసినవాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాటినుండి 1967లో కాలువలకు నీరు వదలిన నాటివరకు ఆ రాతి ఆనకట్ట వేల చేతులపై లేచినది. అందు పాలమూరు కూలీల చేతులు ఎన్నో! కరవు నేలనుండి బయలుదేరి దేశమంతట ఆనకట్టలు, భవనములు కట్టిన ఆ జనమునకు ‘పాలమూరు లేబర్’ అను పేరు స్థిరపడినది. తండ్రి సాగరమునకు పోయెను. కొడుకు పదునారవ యేట బొంబాయికి పోయెను. అక్కడ భవనముల పనిలో ఒక పెద్ద పనివానికి షాగిర్దుగా కుదిరెను.

ఆనాడు పైపు ఇనుపది. ఒక మందమైన కొయ్యదిమ్మెకు రంధ్రము తొలిచి, దాని అంచులను గుండ్రముగా చివ్వి, పైపును అందులో దూర్చి వంచవలెను. ఒక్కచోటనే బలము పెట్టినచో పైపు నొక్కుకొనిపోవును. కొంచెము వంచి, రెండు వ్రేళ్ల వెడల్పు జరిపి, మరల కొంచెము వంచి, మరల జరుపవలెను. అట్టి పది చిన్న వంపులు కలిసి ఒక పెద్ద వంపగును. పైపు పొడవునా ఒక అతుకు గీత యుండును. ఆ గీత వంపునకు వెలుపల పడినను లోపల పడినను విచ్చుకొను భయము కలదు, ప్రక్కకు పడవలెను. ఏలన, వంచునపుడు వెలుపలి భాగము సాగును, లోపలి భాగము ముడుచుకొనును, ప్రక్క భాగము సాగదు, ముడుగదు. ఈ మాటను ఇంజనీరింగు కళాశాలలో నల్లబల్లపై బొమ్మ గీసి చెప్పుదురు. ఉస్తాదు దానిని విచ్చుకొనిన పైపులవలన తెలిసికొనెను.

పెద్ద పైపులకు ఇసుక నింపి, రెండు కొనలకు కొయ్య బిరడాలు కొట్టి, కుంపటిపై కాచి వంచెడివారట. లోపల ఇసుక యుండుటచే పైపు చదునుగాదు. ఆ ఇసుక పొడిగా నుండవలెను. మొదటి నెలలో ఈ కుర్రవాడు తడి ఇసుక నింపి నిప్పుపై పెట్టెను. ఆవిరి పుట్టి బిరడా తుపాకిగుండువలె ఎగిరి ఎదుటి రేకుల గోడను తాకినది. ఆ పెద్ద పనివాడు ఒక్క మాటయు చెప్పలేదు. చెంప మీద ఒక్కటి కొట్టెను. మరునాటినుండి కుర్రవాడు ఇసుకను మూకుడులో వేయించి నింపుట నేర్చెను. ఎందుకు వేయించవలెనో తెలియుటకు మాత్రము రెండేండ్లు పట్టినది.

మన పనిచోట్లలో విద్య ఎక్కువగా ఇట్లే సాగినది. ‘చూచి నేర్చుకో’ అందురు, చూపరు. 1950లో దేశమున చేతిపనుల శిక్షణ పథకము మొదలైనది. 1961లో అప్రెంటీసుల చట్టము వచ్చినది. నల్లగొండలోను, మహబూబ్‌నగరమునను ప్రభుత్వ ఐ.టి.ఐ.లు కలవు, అందు ఎలక్ట్రీషియను విద్య రెండేండ్లు చెప్పుదురు. వాని మేలు నేను కాదనను. కాని మక్తల్‌నుండి మూట కట్టుకొని పోయిన పిల్లవానికి ఆ గడప దూరము. అతనికి దొరకినది చెంపదెబ్బ. దానితోనే ఎందరో నిపుణులైరి. ఎందరు విసిగి పని వదలిరో లెక్క వ్రాసినవారు లేరు.

ఉస్తాదు తన మేనల్లునిపై చేయి చేసికొనుట నేను చూడలేదు. ఆయన పద్ధతి వేరు. పాడైన ముక్కలను పారవేయనీయడు. ఒక కట్టుతీగకు వరుసగా గ్రుచ్చి కిటికీ చువ్వకు వ్రేలాడదీసెను. నేను చూచునప్పటికి పదకొండు ముక్కలున్నవి. “చెప్పు బిడ్డా, మూడోది ఎట్ల పాడైంది?” అని భోజనవేళ అడుగును. పిల్లవాడు చెప్పవలెను. ఒకటి పొరపాటు స్ప్రింగుతో వంచినది. ఒకటి ఎండలో పడియుండి మెత్తనై చేతిలో జారినది. ఒకటి చలి ఉదయమున తొందరపడి వంచగా తెల్లబడి నొక్కుకొనినది. మా కళాశాలలో విద్యార్థి తప్పు వ్రాసిన జవాబుపత్రమును మూడు నెలలకు కట్ట కట్టి తూకమునకు అమ్మివేయుదుము.

ప్లాస్టిక్కు పైపును వంచుటకు ఉక్కు స్ప్రింగు కావలెను. పైపు లోకొలతకు సరిపోవు స్ప్రింగు దూర్చినచో పూర్వపు ఇసుక చేసిన పనినే అది చేయును. గోడలు లోనికి కూలకుండ నిలుపును. మూడు మీటర్ల పైపు నడుమ వంపు కావలసినచో స్ప్రింగునకు దారము కట్టి లోనికి వదలుదురు. చల్లని వేళ పైపును గుడ్డతో గట్టిగా రుద్ది వెచ్చచేసి, మోకాలికి ఆనించి, రెండు చేతులు దూరముగా పట్టి మెల్లమెల్లగా వంచుదురు. కావలసినదానికంటె రవంత ఎక్కువగా వంచవలెను. వదలగానే పైపు కొంత వెనుకకు పోవును. స్ప్రింగును తిన్నగా లాగరాదు. దాని చుట్లు బిగియు దిక్కునకు త్రిప్పినచో సన్నబడి సులభముగా వచ్చును. వంచిన దానిని వెంటనే గోడకు బిగించవలెను, లేనిచో రాత్రికి రాత్రి తన పూర్వరూపమును వెదకుకొనును. కోసిన కొనను చాకుతో గీకి నున్నచేయుట మరువరాదు. ఆ కొనయే తీగ తొడుగును చీల్చు కత్తి. ఇరువదియైదు మిల్లీమీటర్లకు మించిన పైపునకు మోకాలి బలము చాలదు, సెగ కావలెను. సెగ యనగా కాగితపు మంట కాదు. పైపును త్రిప్పుచు నలుదిక్కుల సమముగా వెచ్చచేయు ఓపిక.

ఈ పనిలో లెక్క కలదని నేను ఊహింపలేదు. సమకోణపు వంపును పది సెంటీమీటర్ల వ్యాసార్ధముతో త్రిప్పినచో, మూలదాక పోయి మరలినదానికంటె పైపు 4.3 సెంటీమీటర్లు తక్కువ పట్టును; మూల దారి 20, వంపు దారి 15.7. ఈ మిగులును ముందే ఎరుగనివాడు పైపును కోసి, వంచి, పెట్టెను దాటిపోయెనని మరల కోయును. ఒకనాడు పైపు దారిలో దూలము పది సెంటీమీటర్లు ముందునకు పొడుచుకొని వచ్చినది. పైపు గోడను విడిచి, దూలముపైకి ఎక్కి, మరల మునుపటి దిక్కుననే సాగవలెను. ఇందుకు ఇటొకటి, అటొకటి, రెండు సమానమైన వంపులు కావలెను. పిల్లవాడు టేపు తీసి ఇరువది సెంటీమీటర్ల యెడముతో రెండు గీతలు గీసెను.

“ఇరువది యేల?” అంటిని.

“ముప్పై డిగ్రీలకు వంచుతున్న సారూ. పదికి డబల్ ఇరవై. నలభై ఐదుకు వంచితే పదికి పద్నాలుగు. మామ చెప్పిండు.”

“ఎందుకట్లు?”

“అది తెల్వదు సారూ. నాకు లెక్కలు రావు. పదిల అండ్లనే పోయింది.”

నేను తెలుగు పంతులనైనను ఆ దినము సుద్దముక్క పట్టి గిలాబు గోడపై త్రిభుజము గీసితిని. ఎత్తు పది, ఏటవాలు ఇరువది. పదిని ఇరువదిచే భాగించిన సగము. ముప్పది డిగ్రీల సైన్ విలువ అదియే. ఏటవాలుగా పోయిన ఆ ఇరువది సెంటీమీటర్ల పైపు గోడ వెంబడి 17.3 సెంటీమీటర్లే ముందునకు పోవును. తక్కినది ఎక్కుటలో ఖర్చగును. పదవ తరగతి పుస్తకమున ఈ త్రిభుజము ఎప్పుడును ఒక గుడి గోపురమునకో, ఒక గాలిపటమునకో సంబంధించి యుండును. గోపురమెక్కి కొలిచినవాడెవడు? పిల్లవాడు బొమ్మను చాలసేపు చూచి, తానే టేపు పెట్టి మూడు భుజములను కొలిచి, “గిదేనా సారూ సైన్ అంటే?” అనెను. ఆ కంఠములో ఆనందముకంటె కినుకయే యెక్కువ యుండెను. ఇంత చిన్న సంగతికి తనను బడి వెలుపల నిలిపిరా అను కినుక.

సైన్ అను మాట చరిత్రయు ఇచటనే చెప్పదగును. ఆర్యభటుడు 499లో రచించిన గ్రంథమున దీనిని జ్యా అనెను. జ్యా యనగా వింటినారి. వంచిన విల్లునకు కట్టిన త్రాడు. దానికి జీవా అనియు పేరు. అరబ్బులు ఆ శబ్దమును జీబ అని గ్రహించిరి. అచ్చులు వ్రాయని ఆ లిపిలో అది తమ భాషలోని జైబ్ అను మాటవలె కనబడినది; వస్త్రపు మడత అని దాని యర్థము, మన జేబు దానినుండి వచ్చినదే. పండ్రెండవ శతాబ్దపు లాటిను అనువాదకులు జైబ్‌ను సైనస్ అనిరి. వంపు అని అర్థము. తప్పు చదివి, తప్పు అనువదించి, లోకము చివరకు వంపుదగ్గరికే చేరినది! ఈ కథ చెప్పగా ఉస్తాదు నవ్వి, “మరి గట్లయితే మాదేగా సారూ ఆ లెక్క” అనెను.

మా వారు వృత్తుల మాటలను కూర్చుటలో వెనుకబడలేదు. పాలమూరు బిడ్డయైన సురవరం ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజులను ప్రక్కకు నెట్టి జనుల బ్రతుకును చరిత్రకెక్కించిరి, 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదములకు, 1971లో చేనేత పదములకు మాండలిక వృత్తి పదకోశములు వెలువరించినది. నాగలిలోని ప్రతి ముక్కకు, మగ్గములోని ప్రతి కర్రకు అందు పేరు కలదు. ఉస్తాదు ‘వంపు’నకు, ‘వంకర’కు నడుమ గీసిన గీతను వ్రాసికొను పదకోశము ఇంకను రావలసియున్నది. అది వచ్చులోపల ఆ మాటలు పలుకువారు మిగులుదురా అనునది నా బెంగ.

రెండేండ్ల తరువాత, 2014 డిసెంబరులో, మేడపై ఒక గది వేసితిని. పైపుల పని వారికే యిచ్చితిని. స్లాబు పోయుటకు రెండు దినముల ముందు ఉస్తాదు చెల్లెలికి జబ్బు చేసినదని కబురు రాగా ఊరికి పోయెను. పిల్లవాడు ఒక్కడే పైపులన్నియు పరచెను. మరునాడు ఉదయము ఆరు గంటలకు కాంక్రీటు యంత్రము, ముప్పదిమంది కూలీలు వచ్చుటకు ఏర్పాటు. రాత్రి పదిన్నరకు అతడు తలుపు తట్టెను.

“సారూ, ఫ్యాను పెట్టె కాడి వంపు మీద నాకు నమ్మకం లేదు.”

దారమునకు గుడ్డముడి కట్టి ప్రతి పైపులోను లాగి చూచెనట. అన్నిట వచ్చినది, అక్కడ ఒక్కచోట బిగిసినది. నేను టార్చి పట్టుకొని మేడ యెక్కితిని. నా కంటికి ఆ వంపులో దోషమేమియు కనబడలేదు. దానిని మార్చవలెనన్న పైన కట్టిన చువ్వలు విప్పవలెను. మేస్త్రికి ఫోను చేయగా ఆయన మండిపడెను. అర్ధరాత్రి చువ్వలు విప్పినచో ఉదయపు పని ఆగును, కూలి డబ్బు నేనే యిచ్చుకోవలెననెను. ఇచట నా సంగతి దాచను. “ముడి బిగిసినంత మాత్రాన తీగ పోదని యేమి? వదలివేయి” అని చెప్పి నేను క్రిందికి దిగి వచ్చితిని. రెండేండ్ల క్రితము ఎవరిని నిందించితినో వారి మాటనే నేను పలికితినని ఆ క్షణమున నాకు తోచలేదు.

పిల్లవాడు బదులు చెప్పలేదు. నిద్ర పట్టక కిటికీనుండి చూడగా మేడపై చిన్న వెలుగు కదలుచుండెను. కట్టుతీగలు ఒక్కొక్కటి విప్పి, పైపును కోసి తీసి, మరియొకటి గుడ్డతో రుద్ది వంచి, అతికించి, చువ్వలు యథాప్రకారము కట్టి, ముడి లాగి చూచి అతడు దిగునప్పటికి మూడు గంటలైనది. ఉదయము ఆరింటికి కాంక్రీటు పడినది. మేస్త్రికి ఏమియు తెలియదు.

మూడు వారములకు సెంట్రింగు తీసిన పిదప ఉస్తాదు వచ్చెను. ఉక్కుపట్టీ ఒక పెట్టెలో దూరి మరియొక పెట్టెలో తల చూపినది. తీగలు వెంట వచ్చినవి. ఆయన మేనల్లుని వంక చూచి, “తీసిన ముక్క యాడుంది?” అనెను. ఇతనికి ఎవరు చెప్పిరో! పిల్లవాడు సంచి అడుగునుండి ఆ ముక్కను తీసి యిచ్చెను. ఉస్తాదు దానిని వెలుతురుకెత్తి ఒక కన్ను మూసి లోపలికి చూచి, వ్రేలితో తడిమి, “పొద్దుగాల చలిల వంచినవా?” అనెను.

“అవు మామా. రుద్దలేదు.”

ఉస్తాదు తన సంచిలోని పాత కట్టుతీగను విప్పి, పదకొండు ముక్కల తరువాత దానిని గ్రుచ్చెను.